ఐదో బిళ్ల

అక్టోబర్ 13

రేపు పొద్దున ఐదుంపావుకి బయల్దేరాలట. ఐదుంపావంటే ఐదుంపావే. నాన్న ముప్పై ఏళ్ళు బస్ డిపోలో టైమ్ కీపర్‌గా చేశాడు. ఆయన దగ్గర "సుమారుగా" అన్న మాట దొరకదు. అక్క రాసిన కాగితం మడత విప్పి, కళ్ళజోడు సవరించుకుని, మైకు ముందు నిలబడ్డట్టే చదివాడు. "పద్నాలుగో తేదీ. ఐదుంపావుకి ఇల్లు. ఏడున్నరకి టీ. పదకొండుకి టేకు అడవి."

అక్క ఈ కాగితం రాసింది పోయినేడాది. తను పనిచేసిన నీళ్ళ పరీక్షల ల్యాబు ఫారం వెనక, నీలం సిరాతో. అదే కాగితం, అవే తేదీలు. తేదీలు కూడా మార్చొద్దన్నాడు నాన్న. పదహారున గుహ. పదహారుకి అక్క పోయి సరిగ్గా ఏడాది.

ఆ మాట ఇక్కడ రాయకూడదనుకున్నా. రాసేశా. సరే.

పోయినేడాది ప్రయాణం ఆగిపోయింది నా వల్లేనని ఎవరూ అనలేదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ అనరు. నేను అప్పుడు హాస్టల్లో ఉండేదాన్ని, పదహారున నాకు ఇంటర్వ్యూ ఉండింది. ఆ తేదీ నేను పెట్టింది కాదు. "చెల్లి లేకుండా ఏం వెళ్తాం, వచ్చే నెల చూద్దాం లెండి" అని అక్కే తన సెలవు రద్దు చేసుకుంది. పదహారు పొద్దున నీళ్ళ ట్యాంకు దగ్గరికి స్కూటర్ మీద డ్యూటీకి వెళ్తుంటే లారీ. ఇందులో ఇంటర్వ్యూ చేసిన పాపమేముంది?

అమ్మ టోపీలు సర్దింది. గుహలో హెల్మెట్లు ఇస్తారు, ఎవరెవరి తలల చెమటో, లోపల పెట్టుకోడానికి గుడ్డ టోపీలు కుట్టమని అక్క అప్పట్లో పురమాయించింది. అమ్మ ముందుగదిలో మిషను కుడుతుంది కదా, ఎవరో వదిలేసిన తాను ముక్కలోంచి తీసింది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. అప్పుడు నేను నవ్వాను, తప్పిపోతే ఒకర్నొకరం పోల్చుకోడానికా అని.

ఐదు టోపీలూ పెట్టింది. నాన్న చూశాడు. నేనూ చూశా. సంచి జిప్పు నేనే లాగాను.

అక్టోబర్ 14

కారు బాబాయిది, నడిపేదీ బాబాయే. ఆయన స్కూలు వ్యాను డ్రైవరు. ఎక్కింది పెద్దవాళ్ళైనా అలవాటు పోదు. "అందరూ కూర్చున్నారా? చేతులు లోపల. కిటికీలోంచి తల బయట పెట్టినవాళ్ళకి రేపు హోంవర్కు డబుల్." నన్ను లాయరమ్మా అంటాడు, చిన్నప్పట్నుంచీ వాదిస్తానని.

ముందు బాబాయి పక్కన నాన్న. వెనక అమ్మ ఓ కిటికీ దగ్గర, నేను మధ్యలో. రెండో కిటికీ దగ్గర సంచులు పెట్టాం. డిక్కీ ఖాళీగానే ఉంది.

టీ కొట్టు దగ్గర అమ్మ "ఐదు" అంది. ఐదు గ్లాసులొచ్చాయి. ఐదోది బెంచీ చివర చల్లారింది. అమ్మకి మతి పోలేదు. ఎవరి జాకెట్టు ఎన్ని అంగుళాలో పుస్తకం చూడకుండా చెప్తుంది ఇప్పటికీ. "నలుగురం" అన్న మాట మాత్రం ఆమె నోట రాదు. పన్ను నొప్పిగా ఉంటే రెండో వైపు నములుతాం చూడు, అలా. ఏడాదిగా మేమందరం రెండో వైపే నములుతున్నాం.

అడవి మొదట్లో చెక్‌పోస్టు. అడ్డంగా గేటు, కిటికీ దగ్గర రిజిస్టరు పట్టుకున్న గార్డు. లోపలికి పోయేవాళ్ళెంతమందో రాస్తాడు, వచ్చేటప్పుడు సరిచూస్తాడు.

"ఎంతమందమ్మా?"

"ఐదుగురం," అంది అమ్మ.

వంగి లోపలికి చూశాడు. "నలుగురే కనిపిస్తున్నారు?"

బాబాయి ఊరుకోవచ్చుగా. "ఐదోవాడు డిక్కీలో ఉన్నాడు సార్. సీటు చాల్లేదు."

గార్డు నవ్వాడు. వెనక లారీ హారన్ కొట్టింది. ఐదు అని రాసి గేటెత్తాడు. గేటు పూర్తిగా లేవకముందే తనేమన్నాడో బాబాయికి తట్టింది. మెడ వెనక చెమట పట్టడం నాకు కనిపించింది. ఆ తర్వాత పద్దెనిమిది కిలోమీటర్లు అద్దంలోంచి వెనక్కి చూడకుండా నడిపాడు. కిలోమీటరు రాళ్ళు నేను లెక్కపెట్టా.

టేకు అడవిలో చెట్టు చెట్టుకీ తెల్ల రంగుతో నంబరుంది. చెట్లంటే నాకు ఇష్టమే, కానీ నంబర్లు వేసిన చెట్లు ఆసుపత్రి మంచాల్లా ఉంటాయి. ఆకులన్నీ చిల్లులు పడి, పురుగు కొట్టి ఉన్నాయి. నాన్న కాగితం చదివాడు, "ఇక్కడ నాన్న చెట్లు లెక్కపెడతాడు. ఎవరూ ఆపకండి." చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. లెక్కపెట్టలేదు. ఇరవై నిమిషాలు ఆగాలని రాసుంది కాబట్టి ఇరవై నిమిషాలు నిలబడ్డాం.

కింద ఇంకో వాక్యముంది. అది కూడా అదే గొంతుతో చదివాడు. "చెల్లి మొహం మాడ్చుకుని కూర్చుంటుంది. పట్టించుకోవద్దు. రెండో రోజుకి తనే దారికొస్తుంది."

అక్టోబర్ 15

వాన. కాగితంలో రాసున్న రెండో అడవి కిటికీ అద్దం మీదే కరిగిపోయింది. చూసిందేం లేదు.

బాబాయి నిన్నటి మాట కడుక్కోవాలని తెగ మాట్లాడాడు. తిరిగి తిరిగి నా మీదికొచ్చాడు. "అవునూ లాయరమ్మా, అప్పుడా ఇంటర్వ్యూ ఏమైంది? చెప్పనే లేదు."

"రాలేదు."

"ఏమడిగారేం?"

పది గంటలకని చెప్పా. మూడో అంతస్తు. లిఫ్టు పాడైంది, మెట్లెక్కేసరికి రొప్పు వచ్చింది. ముగ్గురు కూర్చున్నారు, మధ్యాయన బట్టతల. నీలం చుడీదార్ వేసుకున్నా.

అమ్మ అద్దం వైపే చూస్తోంది. ఆవిరి పట్టిన చోట వేలితో గీతలు గీస్తోంది, గుడ్డ మీద సుద్దతో గీసినట్టు.

లిఫ్టు సంగతి ఇంతకుముందెప్పుడూ చెప్పలేదు. ఇవాళే చేరింది.

అక్టోబర్ 15, సాయంత్రం

ఇంటర్వ్యూలో ఇద్దరే అనుకుంటా కూర్చున్నది.

అక్టోబర్ 16, పొద్దున

అందరూ ఆరింటికే లేచి తయారయ్యారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. నాన్న గడియారానికి కీ ఇచ్చుకున్నాడు.

అక్టోబర్ 16, మధ్యాహ్నం, లాడ్జి

వరసగా రాస్తాను. వరస తప్పితే నాకు అనుకూలంగా రాసేసుకుంటా, నా సంగతి నాకు తెలుసు.

ఎనిమిదిన్నరకి మొదటి బ్యాచి. కౌంటర్లో అమ్మ "ఐదు" అంది, నాన్న ఐదు టికెట్లు తీసుకున్నాడు. గుహ మొహం దగ్గర ఓ చెక్క పలక, దాని నిండా మేకులు, మేకు మేకుకీ తాడు కట్టిన ఇత్తడి బిళ్ల. గైడుకి యాభై ఏళ్ళుంటాయి. ప్యాంటు మోకాళ్ళకి తోలు అతుకులు వేయించుకున్నాడు. అమ్మ చూపు ముందు ఆ కుట్టు మీదే పడింది.

"బిళ్ల మెళ్ళో వేసుకోండి. బయటికొచ్చాక ఎవరిది వాళ్ళ చేత్తోనే ఆ మేకుకి తగిలించాలి. రోజుకి మూడొందల మొహాలు చూస్తాను, నాకేవీ గుర్తుండవు. బిళ్లే గుర్తు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపలున్నట్టే."

మాతోపాటు కొత్తగా పెళ్ళైన జంట ఒకటుంది. ఆ పెళ్ళికొడుకు అడిగాడు, "బిళ్ల లోపల పడేసుకుంటే?"

"నా మోకాళ్ళు అరుగుతాయి. వెతికేది నేనేగా."

టికెట్లు చూసి అమ్మ చేతిలో ఐదు బిళ్లలు పెట్టాడు. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా. అమ్మ మాకు మూడు పంచింది, ఒకటి తన మెళ్ళో వేసుకుంది, ఒకటి గుప్పిట్లో ఉండిపోయింది. టోపీలు పెట్టుకుని, పైన హెల్మెట్లు పెట్టుకున్నాం. అచ్చం నేను అన్నట్టే ఉన్నాం, ఎక్కడున్నా పోల్చుకునేలా.

లోపల తడి గోనెసంచి వాసన. ఇనప మెట్లు దిగాం, ఓ చోట చేతులూ మోకాళ్ళ మీద పాకాం. బాబాయి పొట్ట ఇరుక్కుంటే, "ఊపిరి వదిలెయ్యండి సార్, గుహ మీకోసం పెరగదు" అన్నాడు గైడు. పైనుంచి దిగిన రాళ్ళ మీద దీపం వేసి ఇదిగో తొండం, ఇదిగో తెర అని చూపించాడు. "మీకేం కనిపించకపోతే రాయి తప్పు కాదు" అన్నాడు. నాకేం కనిపించలేదు.

చివర పెద్ద హాలు. అక్కడ దీపాలన్నీ ఒక్క నిమిషం ఆర్పేస్తారు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే అయింది. పెళ్ళికూతురు కిసుక్కున నవ్వి ఆగిపోయింది. నేను అమ్మ చెయ్యి కోసం ఎడంపక్కకి చాచాను. అమ్మ అక్కడ లేదు. రెండడుగుల అవతల గుడ్డ సద్దు. తర్వాత రాయి మీద ఇత్తడి ఆనిన చప్పుడు, మెల్లగా, నిద్రపోతున్న మనిషి పక్కన గ్లాసు పెట్టినట్టు.

నాకు తెలియలేదని ఇక్కడ రాస్తే ఎవరూ అడగరు. కానీ తెలిసింది. అప్పుడే తెలిసింది.

బయటికొచ్చేసరికి తొమ్మిదింపావు. అందరం బిళ్లలు తగిలించాం. ఇరవై ఐదో మేకు ఖాళీ. గైడు రెండుసార్లు లెక్కపెట్టి ఈలేశాడు. గేటు మూసేశారు. తర్వాతి బ్యాచి నలభై మంది ఎండలో ఆగిపోయారు.

"మీ ఐదుగురిలో ఒకరు రాలేదు. ఎవరమ్మా?"

అమ్మ చెప్పింది. "మా పెద్దమ్మాయి."

అబద్ధం కాదు. అడిగిన దానికి అదే జవాబు.

"పేరు?"

పేరు కూడా చెప్పింది. ఏడాదిలో మా ఇంట్లో ఎవరూ పలకని పేరు. ఇక్కడ కూడా రాయలేను. గైడూ, అతని తమ్ముడూ దీపాలు పట్టుకుని లోపలికి పరిగెత్తారు. ఆ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. గుహ ఆ పేరుని నాలుగైదు సార్లు తిప్పి బయటికి పంపింది.

బాబాయి నాన్న భుజం పట్టుకున్నాడు. "అన్నయ్యా, చెప్పు. పాపం వాళ్ళు... చెప్పెయ్యి."

నాన్న గడియారం చూసుకున్నాడు. "తొమ్మిదీ నలభై," అన్నాడు. "ఇంకా పది నిమిషాలుంది."

లారీ తొమ్మిదీ యాభైకి. పోలీసు కాగితంలో అలాగే ఉంది. బాబాయి భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు, "పిల్లల్ని చూసుకోవడం కూడా రాదా వీళ్ళకి" అని. నేను నోరు తెరిస్తే ఒక్క వాక్యంతో అయిపోయేది. తెరవలేదు. మొహమాటం వల్లా కాదు, భయం వల్లా కాదు. లోపల ఎవరో మా అక్కని వెతుకుతున్నారు. ఆసుపత్రిలో ఎవరూ వెతకలేదు, రోడ్డు మీద ఎవరూ వెతకలేదు, తిన్నగా ఓ గదిలోకి తీసుకెళ్ళి చూపించారు. ఇక్కడ ఇద్దరు మనుషులు మోకాళ్ళ మీద పాకుతూ పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆపండి అని ఎట్లా అనేది?

తొమ్మిదీ యాభై అయింది. నాన్న గడియారం మీంచి కళ్ళెత్తాడు. ఏమీ జరగలేదు. ఎండ అలాగే ఉంది.

పదీ ఐదుకి గైడు బయటికొచ్చాడు. ఒక్కడే. మోకాలి అతుకు చిరిగి రక్తం కారుతోంది. ఒక చేతిలో బిళ్ల, ఇంకో చేతిలో టోపీ. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు.

"పెద్ద హాల్లో బండ మీద ఉన్నాయి. టోపీ మడత పెట్టినట్టుంది." మా నలుగురి తలలవైపు చూశాడు. "ఇది పెట్టుకున్న అమ్మాయి ఎక్కడ? మా తమ్ముడు కింద సొరంగంలో దిగాడు. అక్కడ ఇరుక్కుంటే నేను తియ్యలేను. చెప్పండమ్మా, ఎటు వెళ్ళింది?"

అమ్మ ఆ టోపీ వైపే చూస్తోంది.

"తను లేదు," అన్నాను. "మేం నలుగురమే వచ్చాం. మా అక్క పోయినేడాది చనిపోయింది. ఇవాళ్టికి ఏడాది. తనని కూడా కలిపి చెప్పాం."

గైడు ఈల మూడుసార్లు ఊదాడు, తమ్ముణ్ణి పైకి రమ్మని. ఆ తర్వాత మెట్టు మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నా. తిడితే బావుండేది. "ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు. లేచి, ఎవరి బిళ్ల వాళ్ళే తగిలించాలన్న మనిషి, ఇరవై ఐదోది తనే తగిలించాడు. టోపీ అమ్మకిచ్చాడు.

అక్కడితో ఆగొచ్చు. తెరిచిన నోరు మూసుకోవడం చేతకాలేదు నాకు.

"అమ్మా, ఇంటర్వ్యూ కూడా లేదు."

"ఇప్పుడెందుకే అవన్నీ?" అన్నాడు బాబాయి.

"అసలు లేదు. నాలుగైదు రోజులు కార్లో అందరితో కూర్చోవడం ఇష్టంలేక చెప్పా. అక్క నమ్మింది. మనం అప్పుడే వచ్చి ఉంటే ఇవాళ్టికి తను ఇక్కడుండేది."

అమ్మ టోపీ నాలుగు మడతలు పెట్టింది. చేతిసంచిలో వేసుకుంది. నా వైపు చూడలేదు.

నీలం చుడీదార్, మూడో అంతస్తు, బట్టతలాయన. ఎవరూ చదవని పుస్తకంలో కూడా నిన్నటిదాకా అదే మాట రాశాను నేను.

లాడ్జికి ఒంటిగంటకొచ్చాం. కౌంటరు దగ్గరాయన అడిగాడు, "ఎంతమందండీ?"

అమ్మ చెప్పింది. "ముగ్గురం."

బాబాయి "వదినా" అని ఆగిపోయాడు. నాన్న ముందుకొచ్చి, "నలుగురు. నలుగురని రాసుకోండి" అన్నాడు.

ఐదు నుంచి ముగ్గురికి దిగాం. నాలుగు మాత్రం అమ్మ నోట రాలేదు.

అక్టోబర్ 17

రోజంతా కారు. అక్క కాగితంలో ఇవాళ జలపాతం ఉంది. నాన్న చదవలేదు, బాబాయి ఆపలేదు. జలపాతం అని రాసిన బోర్డు ఎడంపక్క వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఎప్పుడో అమ్మ అడిగింది. కిటికీలోంచి బయటికే చూస్తూ. నన్నే అడుగుతోందని అర్థం కావడానికి కాస్త పట్టింది.

"ఆ రోజు ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. హాస్టల్లోనే ఉన్నా. పడుకున్నా."

"ఎన్నింటిదాకా?"

"పదకొండు."

బాబాయి గేరు మార్చాడు. అవసరం లేకపోయినా మార్చాడు.

"మూడుసార్లు ఫోను చేశాను నీకు," అంది అమ్మ. "ఎత్తలేదు. ఇంటర్వ్యూలో ఉంటావు, లోపల ఫోను మోగితే తిడతారేమో, కంగారు పడతావేమోనని నాలుగోసారి చెయ్యలేదు."

అంతే అంది.

ఫోను దిండు కిందే ఉంది. చప్పుడు రాకుండా పెట్టా. లేచాక మూడు కాల్స్ చూసి, అబ్బా, ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడగడానికే అనుకున్నా. ఏం చెప్పాలో కల్పించుకుని, మొహం కడుక్కుని, టీ తాగాక చేశాను.

అక్టోబర్ 18

ఇంటికొచ్చేశాం. రాయకుండా పడుకుందామనుకున్నా. పడుకోవడం నాకు బాగా వచ్చిన విద్యే.

తిరిగొచ్చే దారి అదే. చెక్‌పోస్టు అదే. గార్డూ అతనే. రిజిస్టరు నాలుగు పేజీలు వెనక్కి తిప్పి కారు నంబరు మీద వేలు పెట్టాడు. డిక్కీ జోకు గుర్తొచ్చినట్టుంది, నవ్వు మొహం పెట్టాడు.

"ఎంతమంది?"

బాబాయి స్టీరింగు వైపు, నాన్న ఒళ్ళో చేతుల వైపు చూస్తున్నారు. ఈ ప్రశ్నకి ఎప్పుడూ జవాబు చెప్పేది అమ్మే.

అమ్మ ఇటు తిరిగింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. బట్ట కత్తిరించే ముందు అలాగే చూస్తుంది, ఒకసారి కత్తెర పడ్డాక అతకదు కాబట్టి.

"నలుగురం," అంది.

గార్డు నవ్వు పోయింది. "పోయేటప్పుడు ఐదుగురని రాయించారే? ఒకరేరి? లోపలే ఉండిపోయారా?"

"అప్పుడు తప్పు చెప్పాను బాబూ. నలుగురమే."

"అట్లా కుదరదమ్మా. పోయినవాళ్ళూ వచ్చినవాళ్ళూ సరిపోవాలి. తప్పైతే మీరే కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి." రిజిస్టరూ పెన్నూ కిటికీలోంచి లోపలికి ఇచ్చాడు.

అమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. పెన్ను తీసుకుంది. ఆ ఐదు అంకె మీద పెన్ను మొన ఆనించి ఆగింది. వెనక ఏదో బండి హారన్ కొట్టింది. అమ్మ పెన్ను నా చేతిలో పెట్టింది.

"నువ్వు కొట్టెయ్."

"అమ్మా..."

"నువ్వే కొట్టెయ్."

కొట్టేశాను. ఒక్క గీత. గీత కింద ఐదు ఇంకా కనిపిస్తూనే ఉంది. పక్కన నాలుగు వేశాను. సంతకం పెట్టాను. నా సంతకం అంత చిన్నగా ఎప్పుడూ రాలేదు.

పుస్తకం ఇచ్చెయ్యబోతుంటే అమ్మ ఆపింది. పెన్ను మళ్ళీ తీసుకుని, నా సంతకం పక్కనే, తగిలేంత దగ్గరగా, తన సంతకం పెట్టింది.

"ఒక్కటి చాలమ్మా," అన్నాడు గార్డు.

"ఉండనీ," అంది అమ్మ.

గేటు లేచింది.